చిలక పంజరం నుంచి చేపల తొట్టి దాకా

మన ఇళ్ళలో మనుషులతో పాటు కాపురం ఉంటూ వచ్చిన చిన్న ప్రాణుల్లో రెండింటి మాట చెప్పుకోవాలి. ఒకటి పంజరంలో చిలక. రెండోది గాజుతొట్టిలో రంగుచేప. చిలక మనకు చాలా పాత చుట్టం. పాలవేకరి కదిరీపతి చేత ఏకంగా ఒక కావ్యమే చెప్పించుకొంది, అదే శుకసప్తతి. రంగుచేప మాత్రం నిన్నమొన్న వచ్చిన చుట్టం. మద్రాసులోనైనా, బళ్ళారిలోనైనా, బరంపురంలోనైనా, షోలాపురంలోనైనా మధ్యతరగతి ఇంటి ముందుగదిలోకి అది బాగా ఆలస్యంగానే అడుగుపెట్టింది.

చట్టం దృష్టిలో మాత్రం ఈ రెండు ప్రాణులూ ఒకటి కావు. మన ఊరి మర్రితొర్రలో పుట్టిన రామచిలకను పట్టి పంజరంలో పెడితే నేరం. అమెజాన్ నది జాతికి చెందిన ఏంజెల్ చేపను తొట్టిలో పెడితే నేరం కాదు. చుట్టరికంలో పాతదైన చిలక చట్టానికి దొరికింది, కొత్తదైన చేప దొరకలేదు. ఇలా ఎందుకు జరిగిందో తెలియాలంటే చరిత్రను కాస్త వెనక్కి తిప్పి చూడాలి. అలా చూస్తే ఒక సంగతి బోధపడుతుంది. మన చట్టాలు చాలాకాలం 'ఈ ప్రాణిని ఎక్కడ పట్టావు?' అని మాత్రమే అడిగాయి. 'రేపు దీన్ని ఎక్కడ వదులుతావు?' అని అడగడం నేర్చుకొనే సరికి చెరువుల్లో, నదుల్లో జరగవలసిన నష్టం కొంత జరిగిపోయింది.

అశోకుడి చేపలు, కౌటిల్యుడి ఆరోవంతు

చిలక, చేప ఒకే రాజశాసనంలో కనబడే అతిపాత చోటు అశోకుడి అయిదో స్తంభశాసనం. పట్టాభిషేకమైన 26 ఏళ్ళకు వేయించిన ఆ శాసనంలో చంపగూడని ప్రాణుల జాబితా ఉంది. మొదటి పేరే శుకం, అంటే చిలక. ఆ వెంటనే సారిక, అంటే గోరువంక. ఆ వరసలోనే తాబేలు, ఎముక లేని చేప, శంకుజమనే చేప వస్తాయి. అంతటితో ఆగలేదు. చాతుర్మాస్యపు పున్నములలో, తిష్య పున్నమినాడు, ఆ పున్నములకు ముందువెనుకల రోజుల్లో, ఉపవాస దినాల్లో చేపలను చంపరాదు, అమ్మరాదు అని ఉంది. చంపడంతో పాటు అమ్మకాన్ని కూడా పేర్కొనడం గమనించదగ్గ విషయం. బజారును అదుపులో పెట్టకుండా ప్రాణిని కాపాడలేమన్న తెలివిడి ఆనాడే ఉందన్నమాట. అదే శాసనం చివర, ఆ 26 ఏళ్ళలో 25 మార్లు ఖైదీలను విడిచిపెట్టినట్లు చక్రవర్తి చెప్పుకొన్నాడు. చంపకపోవడం, విడిచిపెట్టడం - ఈ రెండూ ఒకే ధర్మానికి రెండు ముఖాలు.

అర్థశాస్త్రంలో ఇదే మాట లెక్కల భాషలో కనబడుతుంది. మైసూరులో ఆర్. శామశాస్త్రి గారు తాళపత్రాల నుంచి బయటికి తీసి 1909లో అచ్చువేయించిన ఆ గ్రంథంలో, మాంసపు అమ్మకాలను చూసే సూనాధ్యక్షుడనే అధికారి ఉంటాడు. చేపల మీద, పక్షుల మీద అతడు పదోవంతో, అంతకు మించో సుంకం పుచ్చుకోవాలి. ప్రాణంతో పట్టిన పక్షుల్లో, మృగాల్లో ఆరోవంతును రాజు కాపుగాచే అభయవనాల్లో వదిలిపెట్టించాలి. పట్టినవాడికి అయిదు పాళ్ళు, అడవికి ఒక పాలు. వేటను మాన్పించలేని రాజ్యం కనీసం బాకీ తీర్చే పద్ధతి పెట్టింది.

ఈ విడిచిపెట్టే సంప్రదాయం మన గుడి కోనేళ్ళ దాకా సాగివచ్చింది. శృంగేరిలో తుంగానది మెట్ల దగ్గర, దక్షిణ కన్నడ జిల్లా శిశిలలోని మత్స్యతీర్థంలో చేపలను ఎవరూ పట్టరు. వచ్చిన భక్తులు మరమరాలో, బియ్యమో వేసి దండం పెట్టి వెళ్తారు. అక్కడ తిరిగే చేపలు ఆ నదివే. అశోకుడు కాపాడిన చిలకా ఆ అడవిదే, కౌటిల్యుడు వదిలించిన జింకా ఆ అడవిదే. పుట్టిన చోటికే ప్రాణిని తిరిగి పంపడం కాబట్టి అది పుణ్యం. ఈ మాట గుర్తుంచుకోవాలి. తరువాతి కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

దొరతనపు చట్టాలు

ఇంగ్లీషు దొరల కాలంలో ప్రాణిరక్షణ చట్టాలు వేరే కారణాలతో వచ్చాయి. 1879లో ఏనుగుల రక్షణకు చట్టం వచ్చింది. ఏనుగు సర్కారుకు పనికొచ్చే జంతువు కదా! 1887 నాటి అడవి పక్షుల చట్టం, పక్షులు గుడ్లు పెట్టే కాలంలో పట్టణాల్లో వాటి అమ్మకాన్ని ఆపబోయింది. 1912లో అడవి పక్షులకు, జంతువులకు కలిపి మరింత విస్తారమైన చట్టం చేశారు. దాని జాబితాలో ఉన్నవి ముఖ్యంగా షికారు పక్షులు. కంజులు, కౌజులు, నెమళ్ళు, బాతులు, అడవి కోళ్ళు అందులోవే. ఈకల కోసం చంపే కొంగలను, పాలపిట్టలను, లకుముకి పిట్టలను కూడా చేర్చారు. చిలక అందులో లేదు. దొర తుపాకికి చిలక పనికిరాదు కాబట్టి, దాన్ని కాపాడవలసిన అవసరం ఎవరికీ తోచలేదు.

చేపల విషయంలో మాత్రం మద్రాసు రాజధానికి ఒక విశేషం ఉంది. మద్రాసు సైన్యంలో వైద్యుడుగా పనిచేసిన ఫ్రాన్సిస్ డే అనే ఆయన చేపలశాస్త్రంలో ఆరితేరాడు. మంచినీటి చేపల మీద ఆయన 1873లో ఇచ్చిన నివేదికలో, చిన్న కన్నుల వలలతో, విషపు కాయలతో చేపపిల్లలను నాశనం చేస్తున్న తీరును ఏకరువు పెట్టాడు. 1897లో వచ్చిన భారత చేపల చట్టం నీళ్ళలో మందుగుండు పేల్చడాన్ని, విషం కలపడాన్ని నిషేధించింది. అంటే చట్టం చూపు చేపను పట్టే పద్ధతి మీదనే నిలిచింది. ఇదే డేగారు 1865లో పడమటి కనుమల సెలయేళ్ళలోని ఒక అందాల చేపకు, అప్పటి మద్రాసు గవర్నరు విలియం డెనిసన్ పేరు పెట్టాడు. మన కోస్తా, సీడెడు జిల్లాలను కూడా ఏలిన ఆ గవర్నరు పేరు మోసిన చేప నూరేళ్ళ పైచిలుకు తరువాత ఎంత అలజడికి కారణమయిందో ముందు చూస్తాం.

1909లో మద్రాసు మెరీనా తీరంలో సముద్రపు చేపల ప్రదర్శనశాల తెరిచారు. మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ పూనికతో ఏర్పడిన ఆ చేపలశాలకు జనం తండోపతండాలుగా వెళ్ళేవారు. చేపను కూర కోసం కాక కళ్ళకింపు కోసం గాజు వెనక నిలబెట్టవచ్చునని మన దక్షిణాది జనానికి తెలిపినది అదే. స్వతంత్రం వచ్చాక 1951లో బొంబాయి మెరీన్ డ్రైవ్‌లో తారాపూర్‌వాలా అక్వేరియాన్ని రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు.

సర్కారే దిగుమతిదారు

పరాయి చేపలను మన నీళ్ళలోకి తెచ్చిన మొదటివాళ్ళు దుకాణదారులు కారు, ప్రభుత్వాలే. దోమపిల్లలను తింటుందని గప్పీ చేపను 1908లో తెచ్చారు. అదే పనికోసం గంబూసియాను ఇటలీ నుంచి 1928లో తెప్పించారు. మలేరియాతో ఊళ్ళు ఖాళీ అవుతున్న రోజులవి. ఆ పనిని తప్పుపట్టలేం. ఐతే గంబూసియా దోమపిల్లలతో ఆగలేదు. చిన్నచిన్న నాటు చేపల గుడ్లనూ పిల్లలనూ కూడా తిన్నది.

1952లో ఆఫ్రికా తిలాపియాను మండపానికి తెచ్చారు. మనవాళ్ళు జిలేబీ చేప అంటున్నది దాన్నే. పేదవాడికి చవకగా మాంసకృత్తులు అందించాలన్నది ఉద్దేశం. అది ఏడాదికి చాలా మార్లు పిల్లలు పెట్టి, చెరువంతా తానే అయి, తానూ పెరగక, ఇతర చేపలనూ పెరగనివ్వక కూర్చుంది. ఏడేళ్ళు తిరక్కుండానే 1959లో కేంద్ర చేపల పరిశోధన సంఘం దాని పెంపకాన్ని ఆపమంది. అప్పటికే అది దక్షిణాది జలాశయాల్లో స్థిరపడింది. కాగితం మీది నిషేధం నీళ్ళలోని చేపకు చేరలేదు. ఆఫ్రికా మార్పు విషయంలోనూ ఇదే జరిగింది. 1997లో దాని పెంపకాన్ని నిషేధించాక కూడా మారుపేర్లతో అమ్మకం సాగుతూనే వచ్చింది.

ఈ రెండు ఉదాహరణలూ కూర చేపలవే. కాని వాటిలోని పాఠం అలంకార చేపలకూ వర్తిస్తుంది. పక్షి ఎగిరిపోతే కంటికి కనబడుతుంది. చేప నీళ్ళలోకి జారితే ఏళ్ళ తరబడి కనబడదు. కనబడిననాడు పట్టి తీయడం సాధ్యం కాదు.

చిలకకు విడుదల, చిలకజోస్యానికి చిక్కు

స్వతంత్ర భారతంలో ప్రాణుల వ్యాపారాన్ని అదుపుచేసే చట్టాలు రెండు దారుల్లో వచ్చాయి. ఒకటి దయ దారి. మద్రాసులో కళాక్షేత్రం నడిపిన రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పట్టుబట్టినందువల్ల 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. దాని కింద 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమే తొలి అధ్యక్షురాలు. ఆ మండలి కార్యాలయం చాలాకాలం మద్రాసులోనే ఉండేది. ఆ చట్టంలో మొదటి తప్పుకు జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. అరవై ఏళ్ళు దాటినా ఆ అంకె మారలేదు.

రెండోది అడవి దారి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అడవి జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటీస్ ఒప్పందం 1973లో వాషింగ్టన్‌లో కుదరగా, మన దేశం 1976లో అందులో చేరింది. అప్పటికి మన దేశం నుంచి విదేశాలకు చిలకలు, గోరువంకలు, జీనువాయిలు లక్షల్లో ఎగుమతి అయ్యేవి. మద్రాసు మూర్ మార్కెట్, బొంబాయి క్రాఫర్డ్ మార్కెట్, హైదరాబాదు మహబూబ్ చౌక్ వంటి చోట్ల పక్షుల గంపలు బహిరంగంగా దిగేవి. గంపలో పదింటికి ఎన్ని బతికి బట్టకట్టేవో అమ్మేవాడికే తెలుసు. 1991లో చట్టాన్ని సవరించి మన అడవి పక్షులను పట్టడం, అమ్మడం పూర్తిగా మాన్పించారు. కాకి వంటి ఒకటి రెండింటిని మినహాయిస్తే, చిలకతో సహా ఏ నాటు పక్షినీ పంజరంలో పెట్టరాదు. అశోకుడి జాబితాలోని మొదటి పేరు రెండువేల రెండువందల ఏళ్ళ తరువాత మళ్ళీ చట్టంలోకి ఎక్కిందన్నమాట.

ఈ సవరణకు రెండు ఫలితాలు కలిగాయి. ఒకటి, తరతరాలుగా పిట్టలు పట్టి బతికిన కులాలవారు ఒక్కసారిగా నేరస్థులయ్యారు. వాళ్ళకు మరో బతుకుదెరువు చూపే సెక్షన్ చట్టంలో లేదు. చిలకజోస్యం చెప్పేవారి గతీ అంతే. తమిళదేశంలోనూ, మన జిల్లాల్లోనూ చెట్టుకింద కార్డులు పరుచుకొని కూర్చునే ఈ బీదజనం చిలకను బిడ్డలా సాకుతారు. ఐనా చట్టానికి అది పట్టుబడ్డ వన్యప్రాణే. 2024 ఏప్రిల్‌లో, లోక్‌సభ ఎన్నికల వేళ, కడలూరులో ఒక అభ్యర్థి గెలుస్తాడని చిలక చేత కార్డు తీయించిన జోస్యగాణ్ణి అటవీశాఖవారు అదుపులోకి తీసుకొన్నారు. చిలకలను స్వాధీనం చేసుకొని, అతణ్ణి హెచ్చరించి పంపారు. ఊరి జనం నవ్వుకొన్నారు. కాని 33 ఏళ్ళ కిందటి చట్టం ఆ చెట్టుకిందికి రావడానికి ఒక అభ్యర్థి ఫోటో కావలసివచ్చిందన్న సంగతి నవ్వుకొనేది కాదు.

రెండో ఫలితం ఎవరూ ఊహించనిది. నాటు పక్షి అమ్మకం ఆగిపోగానే దుకాణాల పంజరాలు ఖాళీగా ఉండిపోలేదు. ఆస్ట్రేలియా బడ్జెరిగార్లు, ఆఫ్రికా లవ్‌బర్డ్స్, కాకటీల్స్, చివరికి మకావ్‌లు, బూడిదరంగు ఆఫ్రికా చిలకలు వాటిలోకి వచ్చాయి. అప్పట్లో మన చట్టం మన అడవి ప్రాణులకే వర్తించేది. పొరుగు ఖండపు పక్షి సుంకపు గేటు దాటి లోపలికి వచ్చేసిందంటే ఆ తరువాత దాన్ని అడిగే నాథుడు ఉండేవాడు కాదు. చట్టం ఒక తలుపు మూస్తే వ్యాపారం పక్క తలుపు తీసింది.

కొళత్తూరు వాకిళ్ళు, మిస్ కేరళ

చేపలకు ఆ మూసిన తలుపైనా లేదు. 1972 చట్టపు జాబితాల్లో 29 ఏళ్ళ పాటు ఒక్క చేపకూ చోటు దొరకలేదు. 2001లో తిమింగల సొరకు రక్షణ కల్పించడంతో తొలి చేప పేరు చేరింది. అదే ఏడాది సముద్రపు గుర్రాలు, పగడాలు కూడా జాబితాలోకి ఎక్కాయి. మన్నారు సింధుశాఖ తీరంలో సముద్రపు గుర్రాలను ఎండబెట్టి ఎగుమతి చేయడం అప్పటిదాకా మామూలు వ్యాపారమే.

ఈలోగా మద్రాసు నగరపు వాయవ్య మూలనున్న కొళత్తూరులో, చుట్టుపక్కల తిరువళ్ళూరు జిల్లా గ్రామాల్లో రంగుచేపల పెంపకం కుటీర పరిశ్రమగా వేళ్ళూనింది. మన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉంటున్న జిల్లా అది. ఇంటి వెనక సిమెంటు తొట్లు, డాబా మీద ప్లాస్టిక్ పీపాలు. వాటిలో గప్పీ, మోలీ, ప్లాటీ, ఫైటర్, గోల్డ్‌ఫిష్ పెంచుతారు. వీటిలో ఒక్కటి కూడా మన నీళ్ళది కాదు. ఐనా ఇవి ఇక్కడి తొట్లలోనే పుట్టి పెరిగి అమ్ముడవుతాయి. ఆడవాళ్ళు ఇంటిపని చూసుకొంటూనే నాలుగు డబ్బులు కళ్ళజూసే పని ఇది.

కేరళలో కథ వేరు. అక్కడ సెలయేళ్ళలోని నాటు చేపలే ఎగుమతి సరుకు అయ్యాయి. డేగారు పేరుపెట్టిన డెనిసన్ చేపకు వ్యాపారులు 'మిస్ కేరళ' అని పేరు మార్చారు. పొడవాటి వెండి ఒళ్ళు, దాని మీద ఎర్రచార, నల్లచార. 1997లో సింగపూరులో జరిగిన అక్వారామా ప్రదర్శనలో బహుమతి కొట్టింది. ఆ మెప్పే దానికి ముప్పయింది. కొండవాగుల్లో వలలు దిగాయి. 2008లో కేరళ ప్రభుత్వం పట్టుబడిపై ఆంక్షలు పెట్టి, కొన్ని నెలలు పట్టరాదంది. చేప గుడ్లు పెట్టే కాలం వేరు, నిషేధించిన నెలలు వేరు అని తరువాత శాస్త్రజ్ఞులు తేల్చారు. ఆ శాస్త్రజ్ఞులే 2013లో అచ్చువేసిన పరిశోధనలో 2005 నుంచి 2012 వరకు ఎగుమతి లెక్కలు తీశారు. ఆపదలో ఉన్న 30 మంచినీటి జాతుల నుంచి 15 లక్షలకు పైగా చేపలు మన దేశం దాటిపోయాయి. అందులో మూడు లక్షలకు మించి మిస్ కేరళ జాతివే.

ఈ వ్యాపారాన్ని పెంచవలసిన శాఖ ఒకటి, తుంచవలసిన శాఖ మరొకటి. కొచ్చిలోని సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ, హైదరాబాదులో చేప ఆకారపు భవనంలో కొలువున్న జాతీయ మత్స్యాభివృద్ధి మండలి రంగుచేపల యూనిట్లకు ప్రోత్సాహం ఇస్తాయి. పర్యావరణ శాఖ నిషేధాలు రాస్తుంది. దిగుమతికి వ్యవసాయ శాఖ అనుమతి కావాలి. ఒక దశలో ఆ అనుమతి జాబితాలో ఉన్నవి 92 రకాలు. దేశంలో అప్పటికే 291 పరాయి అలంకార జాతులు ఉన్నట్టు లక్నో మత్స్య జన్యు సంస్థ శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. జాబితాకు, బజారుకు మధ్య తేడా ఎంతో ఈ రెండంకెలే చెబుతాయి.

2017: గుండ్రటి గిన్నె మీద నిషేధం

2017 మే నెలలో కేంద్ర పర్యావరణ శాఖ, 1960 నాటి దయ చట్టం కింద, చేపల దుకాణాలకు నిబంధనలు ప్రకటించింది. గుండ్రటి గాజుగిన్నెలో చేపను పెట్టరాదు. దుకాణాలు రిజిస్టరు కావాలి. పశువైద్యుడో, మత్స్యనిపుణుడో ఉండాలి. 158 జాతులను అమ్మరాదు.

ఉద్దేశం మంచిదే. గుక్కెడు నీళ్ళలో గిరగిర తిరిగే చేప బతుకు బతుకేనా అన్న ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. కాని నిషేధించిన జాతుల్లో ఎక్కువ సముద్రపువి. శిక్ష పడ్డట్టు బెదిరిపోయింది మాత్రం మంచినీటి గప్పీలు పెంచే కొళత్తూరు కుటుంబాలు. పది తొట్లు పెట్టుకొన్న ఇల్లాలు నిపుణుడికి జీతం ఎక్కణ్ణుంచి ఇస్తుంది? తమిళనాట, కేరళలో, బెంగాలులో పెంపకందార్లు రోడ్డెక్కారు. రాష్ట్ర ప్రభుత్వాలు ఉత్తరాలు రాశాయి. చివరికి కేంద్రం ఆ నిబంధనలను వెనక్కి తీసుకొంది.

నా దృష్టిలో ఆ నిబంధనల అసలు లోపం కఠినంగా ఉండడం కాదు, అడగవలసిన ప్రశ్నను వదిలేయడం. తొట్టి ఆకారం గురించి రాసినవారు, తొట్టికి మించి పెరిగిన చేప ఎక్కడికి పోవాలో గట్టిగా ఆలోచించలేదు. దుకాణదారు దాన్ని తిరిగి పుచ్చుకోవాలన్న ఒక్క వాక్యం చిన్న పెంపకందారును నొప్పించదు, చెరువునూ కాపాడుతుంది.

వదిలిన చేప

అలా ఎక్కడికో పోయిన చేపల్లో సక్కర్ చేప ముఖ్యమైనది. దక్షిణ అమెరికా జాతి. తొట్టి అద్దానికి పట్టిన పాచి తింటుందని కొద్ది రూపాయలకు కొనుక్కొస్తారు. వేలెడంత చేప రెండేళ్ళలో మూరెడవుతుంది. ఒళ్ళంతా పలకల కవచం, ముళ్ళ రెక్కలు. చంపడానికి మనసొప్పదు, పెంచడానికి చోటు చాలదు. ఇంటిల్లిపాదీ కలిసి దాన్ని దగ్గరి చెరువులో వదిలి, 'పోనీలే, హాయిగా బతుకుతుంది' అనుకొని తిరిగివస్తారు. కౌటిల్యుడి ఆరోవంతు కట్టిన తృప్తి!

అది నిజంగానే హాయిగా బతుకుతుంది. నీళ్ళలో ప్రాణవాయువు తగ్గినా పైకి తేలి గాలి పీల్చుకొంటుంది. గట్లకు బొరియలు తవ్వుతుంది. కలకత్తా తూర్పు చిత్తడినేలల్లో, కేరళ కాలవల్లో, తమిళనాడు చెరువుల్లో, వారణాసి దగ్గర గంగలో కనబడింది. కృష్ణ, గోదావరి ప్రాంతాల జాలరులు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. వలలో పడిందంటే ముళ్ళతో వల చింపుతుంది, తూకానికి పనికిరాదు. కొరమేను, జెల్ల, పరిగె దొరికే చోట ఇది నిండితే నష్టం ఎవరికి? తొట్టి కొన్నవాడికి కాదు, దుకాణదారుకు కాదు. ఈ వ్యాపారంలో ఒక్క పైసా తినని జాలరికి.

వదలకపోయినా జారిపోయేవి కొన్ని ఉన్నాయి. 2018 ఆగస్టు వరదల్లో కేరళలోని పెంపకపు చెరువులు పొంగి, అరపైమా, ఎలిగేటర్ గార్ వంటి భారీ పరాయి చేపలు నదుల్లో పడ్డాయి. 2023లో శ్రీనగర్ దాల్ సరస్సులోనే ఎలిగేటర్ గార్ ఒకటి దొరికింది. కాశ్మీరపు చల్లటి నీళ్ళకు ఆ అమెరికా చేప నడిచి రాలేదు, ఎవరో తెచ్చి వదిలిందే.

పద్దు పుస్తకం

ఇటీవలి అయిదారేళ్ళలో చట్టం దృష్టి కొంత మారింది. 2020 జూన్‌లో కేంద్రం, విదేశీ ప్రాణులు ఉన్నవారు తమంతట తాము ప్రకటించుకొంటే కాగితాలు అడగమని చెప్పింది. 2022 డిసెంబరులో వన్యప్రాణి చట్టాన్ని పెద్ద ఎత్తున సవరించగా, 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమలులోకి వచ్చింది. సైటీస్ ఒప్పందపు జాబితాల్లోని ప్రాణులను కొత్తగా నాలుగో షెడ్యూలులో చేర్చారు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం అలాంటి ప్రాణులు ఉన్నవారు ఆరు నెలల్లో పరివేష్ అనే ప్రభుత్వ వేదికలో నమోదు చేసుకోవాలి. వాస్తు చేప అని మనవాళ్ళు డబ్బుపోసి కొనే ఆసియా అరోవానా, ఆఫ్రికా బూడిద చిలక, మకావ్ ఇవన్నీ ఈ పద్దులోకి వస్తాయి. పుట్టుక, చావు, చేతులు మారడం కూడా చెప్పాలి. ఇదే సవరణలో మిస్ కేరళ కూడా రక్షిత జాబితాకెక్కింది. దాన్ని హేచరీల్లో పెంచడం నేర్చుకొన్న రైతులు ఇబ్బందిలో పడ్డారు. వాగు నుంచి పట్టిన చేపకూ, తొట్టిలో పొదిగిన చేపకూ తేడా కనిపెట్టడం చట్టానికి ఇంకా కష్టంగానే ఉంది.

ఈ పద్దులో ఒక వింత ఉంది. తన దేశంలో అరుదైపోయిన ప్రాణి ఇక్కడ నమోదవుతుంది. తన దేశంలో కుప్పలుగా ఉండే సక్కర్ చేప ఆ ఒప్పందంలో లేదు కాబట్టి ఈ పద్దులో లేదు. మన చెరువుకు ముప్పు తెచ్చేది మాత్రం అదే. ఈ లోటు తీర్చడానికి సవరణ చట్టంలో 62ఏ అనే సెక్షన్ పెట్టారు. చొరబాటు పరాయి జాతుల దిగుమతిని, అమ్మకాన్ని, పెంపకాన్ని, వ్యాప్తిని కేంద్రం దాని కింద నియంత్రించవచ్చు. ఏ జాతులో పేరుపేరునా చెప్పి, వాటికి బదులు ఏం పెంచుకోవచ్చో పెంపకందారుకు చూపిస్తేనే ఆ సెక్షన్‌కు ప్రాణం వస్తుంది. తిలాపియా మీద 1959లో వేసిన నిషేధానికి పట్టిన గతి దీనికీ పట్టకూడదు.

'రేపు దీన్ని ఎక్కడ వదులుతావు?' అన్న ప్రశ్న మొత్తానికి చట్టంలోకి వచ్చింది. పట్టిన ప్రాణిని పుట్టిన చోట వదలడం అశోకుడి నాటికీ పుణ్యమే, నేటికీ పుణ్యమే. పరాయి నీళ్ళ చేపను మన చెరువులో వదలడం పుణ్యం కాదు. అది చెరువు మీద, దాన్ని నమ్ముకొన్న జాలరి మీద అప్పు రాయడం. తొట్టి కొనేటప్పుడే ఈ చేప ఎంత పెరుగుతుంది, వద్దనుకొంటే తిరిగి పుచ్చుకొంటావా అని దుకాణదారును అడగవచ్చు. అతడు పుచ్చుకోనంటే ఆ చేపను కొనకుండా రావచ్చు. ఈ రెండు పనులకూ ఏ నోటిఫికేషనూ అక్కరలేదు.